చక్రంలో తాలు కాయ

బ్రేకు ప్యాడ్లు సమానంగా అరగకపోవడానికి కారణాలన్నీ కంపెనీ పుస్తకంలో వరసగా రాసి ఉంటాయి. ఆ పుస్తకం మీ వర్క్‌షాపులో కూడా ఉండే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజు ఒకసారి చూపించి, మళ్ళీ బీరువాలో పెట్టి తాళం వేసి ఉంటారు. అందులో లేని కారణం ఒకటి నేను గుంటూరులో చూశాను. చెప్పకపోతే నాకు మనసాగదు. చెబితే మా వర్క్‌షాపు తెలివితేటలు కొన్ని బయటపడతాయి. రిటైరయ్యాను కనక ఇప్పుడు నన్నెవరూ ఏమీ చేయలేరు, చెప్పేస్తాను.

కార్లు బాగుచేసేవాళ్ళు కాని వారి కోసం ఒక్క మాట. ముందు చక్రం వెనక ఇనుప పళ్ళెం ఒకటి తిరుగుతూ ఉంటుంది. బ్రేకు తొక్కితే లోపలి వైపు నుంచి ఒక ప్యాడు, బయటి వైపు నుంచి ఒక ప్యాడు దాన్ని నొక్కి పట్టుకుంటాయి. ఆ రెండింటినీ మోసే భాగాన్ని క్యాలిపర్ అంటారు. అది రెండు పిన్నుల మీద అటూ ఇటూ జారుతూ ఉండాలి. పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోతే క్యాలిపర్ జారదు. అప్పుడు లోపలి ప్యాడు ఒక్కటే చాకిరీ చేస్తుంది, బయటిది ఊరికే నిలబడి చూస్తూ ఉంటుంది. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకి ఇంతకన్నా వివరంగా చెప్పక్కర్లేదు.

కారు ఒక మిర్చి వ్యాపారిది. ఊళ్ళో అందరూ షావుకారనే పిలిచేవారు. పెద్ద కారు, పాలలాంటి తెలుపు. దాన్ని ఆయన ఎంత అపురూపంగా చూసుకునేవాడంటే, మిర్చి యార్డుకు మాత్రం తీసుకెళ్ళేవాడు కాదు. ఆ ఎర్ర దుమ్ము సీట్లకు అంటుకుంటుందని యార్డుకి పాత స్కూటరు మీద తుమ్ముకుంటూ వెళ్ళేవాడు. తనని బతికించిన సరుకు ఘాటు మనిషికి తగలొచ్చు గాని కారుకి తగలకూడదు.

ఆ కారుకో డ్రైవరు. నలభై దాటిన మనిషి, మెత్తని మాట, ఆదివారం చర్చికి వెళ్ళకపోతే అన్నం సహించదు. షావుకారు కోల్డ్ స్టోరేజీ వెనక ఒక గదిలో భార్యాబిడ్డలతో ఉండేవాడు. ఉద్యోగం ఉంటేనే ఆ గది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

కారు కొన్న కొద్ది నెలలకే ఎడమ ముందు చక్రం దగ్గర ఇనుము గీరుకుంటున్న చప్పుడుతో మా దగ్గరికి వచ్చింది. విప్పి చూస్తే లోపలి ప్యాడు రేకు దాకా అరిగిపోయి ఉంది. బయటిది దాదాపు కొత్తగానే ఉంది. కుడి చక్రం శుభ్రంగా ఉంది. పిన్నులు బిగుసుకున్నాయి, వాటి మీది రబ్బరు తొడుగులు చిట్లాయి. తుడిచి, గ్రీజు పెట్టి, కొత్త ప్యాడ్లు వేసి పంపించాం. ఈసారి ఇంకా త్వరగా వచ్చింది. అదే చక్రం, అదే లోపలి ప్యాడు. పిన్నులు కొత్తవి వేశాం. మళ్ళీ వచ్చింది.

వచ్చిన ప్రతిసారీ ఆ తొడుగు మడతల్లో ఎర్రటి తడి మరక, దాని మీద తెల్లటి ఉప్పు పొర, ఒకటి రెండు మిరప గింజలు కనబడేవి. ఎరుపంటే తుప్పు అనుకున్నాం. గింజల్ని వేలితో విదిల్చి పారేశాం. మీరు నవ్వకండి. గుంటూరులో పుట్టి పెరిగినవాడికి మిరప గింజ కనబడటం ఒక విశేషమా? సీజన్‌లో మా ఆవిడ ఉతికిన చొక్కా జేబులో దొరుకుతుంది, ఆటో సీటు సందులో దొరుకుతుంది, ఒకసారి కళ్ళ డాక్టరు నా రెప్పలోంచే తీశాడు. ఇంకో ఊరి మెకానిక్ అయితే మొదటిసారే ఆగి, ఇదెలా వచ్చిందిరా అని అడిగేవాడు. మేం ఈ ఊరివాళ్ళం కనక అడగలేదు.

ఉప్పు సంగతి మాత్రం డ్రైవర్ని అడిగాను. "సముద్రానికేమన్నా తీసుకెళ్తున్నారా?"

"ఆదివారం సాయంత్రాలు అయ్యగారి పిల్లలు వాడరేవు వెళ్తారండి. నీళ్ళ దాకా పోనిమ్మంటారు" అన్నాడు.

అమ్మయ్య, దొరికింది కారణం అనుకున్నాం. సముద్రం వైపు ఎడమ చక్రం పెట్టి ఆపుతున్నారు కాబోలు అని ఒక ఊహ కూడా కట్టాం. అది విని మా మేనేజరు మెచ్చుకుని టాబ్‌లో ఎక్కించుకున్నాడు. షావుకారు పిల్లలకి వాడరేవు బంద్. వాళ్ళకి నా మీద ఇప్పటికీ కోపమే. వాళ్ళకి అక్కడి చేపల వేపుడు పోయింది గాని ప్యాడు మాత్రం అరగడం మానలేదు, పైగా వారాల్లోనే అరగడం మొదలుపెట్టింది.

"చక్రం మీద ఇంకేమన్నా పడుతోందా? ఎవరన్నా ఏదన్నా పోస్తున్నారా?" అని డ్రైవర్ని మళ్ళీ అడిగాను.

అతను నేల చూపులు చూశాడు. "ఏం లేదండి మేస్త్రి గారూ. మామూలు నీళ్ళతో కడుగుతానంతే."

ఇక మా మేనేజరు గురించి చెప్పాలి. కుర్రాడు, టై కడతాడు, మే నెలలో కూడా. ప్రతి సోమవారం మమ్మల్ని నిలబెట్టి, లక్షణానికి కాదు మూల కారణానికి వైద్యం చెయ్యాలి అని ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ మూల కారణం ఎప్పుడూ వర్క్‌షాపు బయటే ఉండాలని మాత్రం అతని నియమం. క్యాలిపర్ మొత్తం మార్చాక కూడా కారు తిరిగొచ్చేసరికి, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అతను తేల్చేశాడు. "ఇది డ్రైవింగ్ అలవాటండి. డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టి నడుపుతున్నాడు."

"సార్, ఒక మనిషి బ్రేకు మీద కాలు పెడితే రెండు చక్రాలూ అరగాలి. ఎడమ చక్రం లోపలి ప్యాడు ఒక్కదాన్నే తొక్కే కాలు దేవుడు ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు" అన్నాను.

"మీరు పాతకాలం వారు" అన్నాడు. ఆ మాట అన్నాక ఇక చర్చ ఉండదు, మీకూ అనుభవమయ్యే ఉంటుంది.

షావుకారుకి ఆ మాట తేనె పూసినట్టుంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. తన కారులో లోపం లేదు, మా పనిలో లోపం లేదు, తప్పంతా జీతగాడిది. ఇంతకన్నా హాయైన రోగనిర్ధారణ ఏముంటుంది? మా వర్క్‌షాపు మధ్యలోనే డ్రైవర్ని పట్టుకుని కేకలేశాడు. "ఒరేయ్, వచ్చే వారం శ్రీశైలం వెళ్తున్నాం. దోర్నాల ఘాటెక్కాలి. అప్పటికి మళ్ళీ ఆ చప్పుడొచ్చిందంటే గది ఖాళీ చేసి తాళం ఇచ్చి పో."

డ్రైవరు చేతిలో ఉన్న గుడ్డతో అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాన్ని తుడుస్తూ నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. అతని గది పోతుందని ఒక బాధ, బ్రేకు పట్టని బండిలో ఇంతమంది ఘాటు దిగుతారని అంతకు మించిన భయం.

ప్రయాణం రోజు పొద్దున్నే బ్రేకులు చూసి సరే అనమని షావుకారు నన్ను ఇంటికి రమ్మన్నాడు. ఎందుకైనా మంచిదని ప్యాడ్లు, పిన్నులు, తొడుగులు సంచిలో వేసుకుని వెళ్ళాను. వెళ్ళేసరికి ఇంటి ముందు సందడిగా ఉంది. పులిహోర డబ్బాలు, దుప్పట్లు, పిల్లలు, అన్నీ కారెక్కుతున్నాయి. నేను చక్రం దగ్గర జాకీ పెట్టబోతుంటే షావుకారు తల్లి అడ్డొచ్చింది. ఎనభై దగ్గర పడిన మనిషి, నడుం వంగింది గాని గొంతు వంగలేదు.

"ఆగవయ్యా మేస్త్రీ! ముందు దిష్టి తియ్యనీ. మంచి గడియ దాటిపోతోంది. నీ రెంచీలు తర్వాత తిప్పుకో."

పక్కకి తప్పుకుని అరుగు మీద కూర్చున్నాను. కాఫీ ఇచ్చారు. పెద్దావిడ పెద్ద రాగి చెంబుతో ఎర్రనీళ్ళు తెచ్చింది. పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎరుపు, దిష్టికి అందరిళ్ళలో వాడేదే. వీళ్ళింట్లో దానికి అదనపు హంగులున్నాయి. గుప్పెడు రాళ్ళ ఉప్పు వేసింది, నాలుగు ఎండుమిరపకాయలు తుంచి వేసింది. కారు ముందు మూడుసార్లు తిప్పి, పక్క షాపు వాడి కన్ను, ఎదురింటి వాడి కన్ను అంటూ ఏదో గొణిగి, చెంబు డ్రైవరు చేతికి ఇచ్చింది. డ్రైవరు ఒకసారి నా వైపు చూశాడు. తర్వాత వంగి, షావుకారు కూర్చునే వైపు, అంటే ఎడమ వైపు ముందు చక్రం మీద, ఊచల సందుల్లోంచి లోపలికి ఆ చెంబెడు నీళ్ళూ నిదానంగా, భక్తిగా పోశాడు.

నా కాఫీ నా పంచె మీదే పడింది.

"ఆపండి!" అని అరిచాను.

అరిచాక గాని తెలియలేదు ఎంత పాపం చేశానో. శ్రీశైలం బయలుదేరుతున్న ఇంటి ముందు నిలబడి ఆపండని కేక వేసేవాడు గుంటూరు జిల్లాలో నేను తప్ప ఇంకోడు ఉండడు. పిల్లలు బిక్కచచ్చిపోయారు. షావుకారు భార్య దేవుడి గదిలోకి పరిగెత్తింది. పెద్దావిడ నన్ను తినేసేలా చూసింది.

"బయలుదేరేటప్పుడు ఆపండంటావా? నీ నోట్లో మన్ను పడ!"

"పడనీండమ్మా. ఈ నీళ్ళు ఎన్నాళ్ళ నుంచి పోస్తున్నారు?"

"కారు కొన్న దగ్గర్నుంచీ. మొదట్లో అమావాస్యకి పోసేవాళ్ళం. చక్రం చప్పుడు చేస్తోందంటే మంగళవారాలు కూడా మొదలుపెట్టాం. అయినా తగ్గలేదని ఇప్పుడు రోజూ పోయిస్తున్నా. ఎవడిదో గాని పాడు కన్ను, ఎంత పోసినా పోవట్లా!"

అదండీ సంగతి. చక్రం అరిస్తే దిష్టి అనుకున్నారు. దిష్టి అని ఉప్పునీళ్ళు పోశారు. ఉప్పునీళ్ళకి పిన్నులు తుప్పుపట్టి చక్రం ఇంకా అరిచింది. అరిచిందని మోతాదు పెంచారు. మేం కొత్త ప్యాడ్లు వేసి పంపడం, వాళ్ళు ఉప్పులో ఊరేయడం. వాడరేవు సముద్రానికి కారు ఆదివారాలే వెళ్ళింది గాని, సముద్రం మాత్రం రోజూ రాగి చెంబులో ఇంటికే వచ్చింది.

ఇదంతా షావుకారుకి చెప్పాను. ఆయన నమ్మలేదు. "ఏమయ్యా, మంత్రాలకు చింతకాయలు రాలవంటారు గదా. మరి మా అమ్మ దిష్టికి బ్రేకులు పోతాయా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. డ్రైవరు నవ్వలేదు.

మాటలతో పని కాదని జాకీ పెట్టి చక్రం ఊడదీశాను. కొత్త క్యాలిపర్ అప్పుడే ఎర్రగా, తెల్లగా పొరలు కట్టి ఉంది. లోపలి ప్యాడు సగానికి పైగా పోయింది. పిన్ను బయటికి లాగితే రాలేదు, సుత్తి పడితే గాని రాలేదు. తొడుగు మడతలోంచి రెండు గింజలు, గోరంత మిరప తొక్క ఒకటి తీసి షావుకారు అరచేతిలో పెట్టాను.

"ఇది చూడండి."

"ఇందులో చూసేదేముంది? ఊరంతా మిరపకాయే" అన్నాడు. అచ్చం మేం వర్క్‌షాపులో అన్నట్టే అన్నాడు.

కాని వ్యాపారి చెయ్యి ఊరుకోదు కదా. అలవాటు కొద్దీ ఆ తొక్కని బొటనవేలితో చూపుడువేలితో నలిపాడు, వెలుతురుకి పెట్టి చూశాడు. మొహం మారిపోయింది.

"ఇది తాలు" అన్నాడు.

తాలు అంటే తెలుసుగా, ఎరుపు పోయి పాలిపోయిన కాయ. మంచి కాయలోంచి ఏరి యార్డులోనే పక్కన పోస్తారు, మంచి కాయలా ఊరంతా ఎగరదు.

"తాలు నా కారు చక్రంలోకి ఎలా వచ్చింది? ఈ కారు యార్డు గడప తొక్కలేదే!" అని ఎవర్నో గద్దించినట్టు అడిగాడు. అడిగి, మెల్లగా డ్రైవరు చేతిలోని చెంబు వైపు తిరిగాడు. చెంబు అడుగున అంటుకుని పాలిపోయిన మిరప ముక్కలు కనబడుతున్నాయి.

"దిష్టికి మంచి కాయ ఎవరు తగలేస్తారురా? దిష్టికి తాలు చాలదూ?" అంది పెద్దావిడ. షావుకారు తల్లి కదా మరి.

ఆ ఇంటి పొదుపే ఆ ఇంటిని పట్టించింది. మంచి కాయ వేసి ఉంటే షావుకారు చచ్చినా ఒప్పుకునేవాడు కాదు. అయినా మనిషి ఓడిపోవడం అంత తేలికా? క్షణం ఆలోచించి, డ్రైవరు వైపు వేలు చూపించాడు. "పోసింది వీడేగా! రోజూ చేత్తో పోస్తున్నవాడికి తెలియదా? ఏరా, మేస్త్రి అడిగితే ఎందుకు చెప్పలా?"

చూశారా? మొదట నడిపినందుకు తప్పు. అది తేలిపోయాక పోసినందుకు తప్పు. తప్పు ఏదైనా కానీండి, దాని చిరునామా మాత్రం కోల్డ్ స్టోరేజీ వెనక గదే. నాకు కోపం ఆగలేదు గాని, నేను నోరు తెరిచేలోపే పెద్దావిడ తన చేతికర్ర నేలకేసి కొట్టింది.

"ఎందుకురా వాడి మీద అరుస్తావ్? పొయ్యమంది నేను. నేను చెప్పిన మాట ఈ కొంపలో వినేది వాడొక్కడే. తీసేస్తే నన్ను తీసెయ్ పనిలోంచి!"

 యార్డులో అంతమంది మీద కేకలేసే షావుకారు, అరుగు చివర నిలబడి పులిహోర డబ్బా మూత సరిచేసుకున్నాడు. డ్రైవరు కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు. నేను వెంటనే ప్యాడ్లు మార్చే పనిలో తల దూర్చాను.

పని చేస్తుంటే డ్రైవరు నా పక్కన కూర్చుని చిన్నగా అన్నాడు. "మీకు అబద్ధం చెప్పానండి. దిష్టినీళ్ళు పోస్తానని మా పాస్టరు గారికి తెలిస్తే నన్ను బల్లకి దూరం పెడతారు. పొయ్యనంటే పెద్దమ్మ గారు బాధపడతారు. ఎటు చెప్పినా నాకే కదండీ ముప్పు."

బల్ల అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం. దానికి దూరం పెట్టడమంటే నలుగురిలో తల దించుకోవడం. ఇన్ని నెలలు ఆ మనిషి అటు పాస్టరుకి, ఇటు పెద్దావిడకి మధ్య బిగుసుకుపోయి ఉన్నాడు. నేనేమో పిన్నులకి గ్రీజు పెడుతూ కూర్చున్నాను.

చక్రం బిగించి లేచేసరికి పెద్దావిడ ఎదురుగా నిలబడి ఉంది. "అయితే ఎక్కడ పొయ్యమంటావయ్యా?"

నా సర్వీసంతటిలో నన్ను ఎవరూ ఇలాంటి సలహా అడగలేదు. పురోహితుడిలా మొహం పెట్టి, "కారు ముందు, నేల మీదమ్మా. చక్రానికి రెండు బారల దూరంలో" అన్నాను.

"ఉప్పు?"

"ఉప్పు కూర కోసం ఉంచండి."

ఆవిడ ఒప్పుకున్నట్టు కనబడలేదు. చెంబు తీసుకుని లోపలికి వెళ్ళింది. మంచి గడియ దాటిపోయాక కారు బయలుదేరింది. ఘాటు ఎక్కి, దిగి, క్షేమంగా ఇంటికి వచ్చింది. మా మేనేజరు, డ్రైవింగ్ అలవాటు సరిదిద్దబడినది అని రాసుకుని ఆ సమస్యని మూసేశాడు. ఆ నెలలో మూల కారణం కనిపెట్టినందుకు అతనికి పై ఆఫీసు నుంచి ఒక జ్ఞాపిక కూడా వచ్చింది. గాజుది, బాగుంది. దాన్ని తుడిచే పని మా వర్క్‌షాపు ఆయమ్మది.

నేను రిటైరయ్యే ముందు ఆ కారు మామూలు సర్వీసుకి వచ్చింది. ఎడమ చక్రం నేనే విప్పాను. లోపలి ప్యాడు, బయటి ప్యాడు అన్నదమ్ముల్లా సమానంగా అరిగి ఉన్నాయి. తొడుగు మడతల్లో వెతికితే ఒక్క గింజ లేదు.

"ఏమయ్యా, దిష్టి మానేశారా?" అని డ్రైవర్ని అడిగాను.

"మానలేదండి" అన్నాడు సిగ్గుపడుతూ. "మీరు వచ్చెళ్ళాక పెద్దమ్మ గారు రెండ్రోజులు ఆలోచించారు. చక్రానికి ఏం తెలుసురా, బ్రేకు తొక్కేది నీ కాలు, చూసేది నీ కన్ను, కన్నుపడితే నీ మీదే పడాలి అన్నారు. ఇప్పుడు దూరం వెళ్ళేటప్పుడల్లా గేటు దగ్గర కుర్చీ వేయించి నన్ను కూర్చోబెడతారండి. నా చుట్టూనే తిప్పి, నీళ్ళు వీధిలో పారబోస్తారు."

"మరి మీ పాస్టరు గారు?"

"ఆయనకి చెప్పానండి. కూర్చున్నంతసేపు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకో అన్నారు."

"షావుకారు ఏమంటున్నాడు?"

డ్రైవరు నవ్వాడు. అతను నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. "ఏమంటారండీ? నా దిష్టి అయ్యేదాకా ఆయనే కారు పక్కన నిలబడి చూస్తుంటారు. పోయినసారి పెద్దమ్మ గారు ఎర్రనీళ్ళలోకి ఆయన చేతే మిరపకాయలు తెప్పించారు."

"తాలా?"

"కాదండి. మంచి కాయే."